కురచ చేసిన వరద

టైలరు మాస్టారు ఆ రోజు ఐదున్నరకే లేచి, మొహం కడుక్కుని, ముందు గదిలో గోడకు ఎదురుగా నిలబడ్డాడు. పదకొండు గంటలకు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి సర్వేయరు వస్తుంది. ఇల్లు చూస్తుంది, సామాను చూస్తుంది, కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ సంతకం పడితే ఇంటికీ, ఇంట్లో ఉన్న ఐదు కుట్టుమిషన్లకూ వరద బీమా వచ్చినట్టే. పడకపోతే మళ్లీ వానాకాలం దాటాకే. వానలు మొదలయ్యాక వరద బీమా ఇచ్చేంత అమాయకపు కంపెనీ ఇంకా పుట్టలేదు.

ఆ సంతకం ఆయనకు ఎంత అవసరమో వీధిలో అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట ఏరు గట్టు దాటి వచ్చినప్పుడు ఐదు మిషన్లూ రెండు రోజులు బురదనీళ్లలో నానాయి. తరువాత తొమ్మిది నెలలు ఆయన బజారులో ఇంకో టైలరు దగ్గర, అదీ ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకున్నవాడి దగ్గర, కాజాలు కుట్టాడు. ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యికి కాజాలు అప్పగించడం ఎలాంటి శిక్షో ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆయన చూస్తున్నది గోడను కాదు, గోడ మీది గీతను. నీళ్లు నిలిచి దిగిపోయిన చోట గోధుమరంగు గీత ఒకటి గది చుట్టూ తిరిగి, వాకిట్లోంచి బయటికి పోయి, వరుసగా ఉన్న ఏడిళ్ల గోడల మీదా ఒకే ఎత్తున సాగుతుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా నెల తిరక్కుండా మళ్లీ పైకి తేలేది. చివరికి వీధివాళ్లు దాన్ని చూడటం మానేశారు. మాస్టారు మెడలోని టేపు తీసి కొలిచాడు. యాభై అంగుళాలు.

"ఏంటి బావా, గోడకి చొక్కా కుడుతున్నావా?"

బావమరిది వచ్చాడు. వాడు బోర్డులు రాసే పెయింటరు. పొద్దున్నే అక్క చేతి టీ తాగి పోదామని వస్తాడు. ఆ టీ ఒక్కోసారి రాత్రి భోజనం దాకా సాగుతుంది.

"ఈ గీత ఆవిడ చూస్తే ఏమంటుందా అని," అన్నాడు మాస్టారు.

"ఏమంటుంది? ప్రీమియం రెండింతలు వేస్తుంది. లేదంటే అసలు మీ ఇల్లే వద్దు పొమ్మంటుంది."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? నువ్వే కంపెనీవాడివైతే గొంతుదాకా మునిగిన కొంపకి బీమా ఇస్తావా?"

"గొంతు కాదురా, ఛాతీ."

"మునిగింది మునిగిందేగా. నా మాట విని చెరిపెయ్."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. వరద వచ్చిందని లోకమంతటికీ తెలుసు. అసలు రానేలేదంటే పచ్చి అబద్ధం. ఆయన పచ్చి అబద్ధాలాడే మనిషి కాదు. కానీ పొడుగైనదాన్ని పొట్టి చెయ్యడం ఆయన లెక్కలో అబద్ధం కాదు, వృత్తి.

"పూర్తిగా తియ్యొద్దు. కురచ చేద్దాం."

"ఎంత?"

మాస్టారు టేపు కింద నేలకు ఆనించి, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. "పద్దెనిమిది. మోకాలి దాకా. చూసేవాళ్లకి ఇబ్బంది ఉండదు."

అలా ఆ ఇంటి వరద ముప్పై రెండు అంగుళాలు తగ్గింది. పాత గీత మీద బావమరిది రెండు పూతలు ఆయిలు పెయింటు వేశాడు. కొత్త గీతకు రంగు సరిగ్గా కుదరలేదు. డబ్బాలో ఉన్న గోధుమరంగు మరీ కొత్తగా, పెళ్లివారింటి తలుపులా మెరుస్తోంది. వాడు వంటింట్లోకి వెళ్లి గిన్నె తెచ్చాడు. వెనకే అక్క వచ్చింది.

"ఒరేయ్, ఆ డికాక్షను తాగటానికి పెట్టాను. గోడకి కాదు."

"అక్కా, వరద రంగంటే ఇదే. నువ్వు చేసే టీ రంగు. ఇంకెక్కడా దొరకదు."

పొగిడాడో తిట్టాడో ఆమెకు అర్థం కాలేదు. పూలకుండీలోంచి చిటికెడు మట్టి తీసి అందులో కలుపుతుంటే చూస్తూ నిలబడింది. వాడు కుంచె పట్టాడంటే మనిషి మారిపోతాడు. పై అంచు ముదురుగా, కింది అంచు పలచగా లాగాడు. అక్కడక్కడ చిన్న చిన్న చుక్కలు పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

"ఆ చుక్కలేంటిరా?"

"నురుగు."

"నురుగెందుకు?"

"వరదన్నాక నురుగు లేకపోతే ఎట్లా బావా? పని చేస్తే పనిలా ఉండాలి."

బయట వాకిలి గోడ మీద కూడా అంతే కురచ చేశాడు. తడి ఆరడానికి మాస్టారు ఇస్త్రీపెట్టె వేడిచేసి గోడకు ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని, "మీ ఇద్దరికీ దేవుడు బుద్ధి పంచేటప్పుడు కరెంటు పోయినట్టుంది," అంది. ఆయన మడతలు పడకుండా చూసుకుంటున్నాడు.

బావమరిది పైకి చూశాడు. వరద తరువాత మాస్టారు గుడ్డల తానులన్నీ అటక మీదే పెడుతున్నాడు. కుట్టి ఇవ్వాల్సిన రెండు వందల స్కూలు యూనిఫాంలు కూడా అక్కడే మూటలుగా ఉన్నాయి.

"బావా, నీళ్లు మోకాలి దాకే వచ్చాయంటావు. సామానేమో నెత్తి మీద పెట్టుకున్నావు. ఎవరు నమ్ముతారు? భయం లేని ఇల్లులా ఉండాలి. దించు."

దించారు. గంట పట్టింది. తానులు నేల మీద వరుసగా, యూనిఫాం మూటలు గోడవార, మిషన్లు బల్లల మీది నుంచి కిందికి. ఎనిమిదిన్నరకు ఆ ఇల్లు వరదన్న మాటే విననట్టు తయారైంది.

మాస్టారు ఇస్త్రీ ముగిస్తుండగా వాకిట్లో మాటలు వినిపించాయి. పక్కింటి గార్డుగారు. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ వీధిలో ఏ ఇంటికి ఎవరొచ్చారో, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో ఆయనకు తెలియకుండా ఉండదు.

"ఏంటమ్మా, గోడకి ఏదో చేస్తున్నారు?"

మాస్టారి భార్యకు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం పూర్తిగా చెప్పడమూ చేతకాదు. "ఏం లేదు గార్డుగారూ. ఆఫీసు నుంచి ఒకావిడ వస్తోందట. గీతలు కొలుస్తుందట."

"గీతలా? వరద గీతలా?"

"అవునట."

గార్డుగారు తన గోడ మీది గీతకేసి చూసుకున్నాడు. తరువాత, "మంచిదమ్మా," అని గబగబా లోపలికి వెళ్లిపోయాడు. గోడకు ఇటువైపు మాస్టారు అది విన్నాడు, పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది. వరద వచ్చిన ఏడాది నష్టపరిహారం పంచడానికి వచ్చినవాళ్లు కూడా గీతలే కొలిచారు. నడుము కిందైతే ఒక మొత్తం, నడుము పైనైతే రెట్టింపు. ఇంకాస్త పైన ఉంటే ఇంకెంత వచ్చేదో అని గార్డుగారు మూడేళ్లుగా ఆలోచిస్తున్నాడు. కాసేపటికి బావమరిది చేతులు కడుక్కుని, "చిన్న పనుంది, వచ్చేస్తా," అని కుంచె, గిన్నెతో సహా బయటికి పోయాడు.

పదకొండింటికి సర్వేయరు వచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో గొలుసుకు కళ్లజోడు, భుజానికి సంచి, చేతిలో చుట్టచుట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం. మేస్త్రీలు రెండు చోట్ల ఎత్తు సరిచూడటానికి నీళ్లు పోసి వాడే గొట్టం అది. దాన్ని చూసి మాస్టారు మెడలోని టేపు పట్టుకున్నాడు. టేపుకు సమాధానం చెప్పగలడు కానీ గొట్టానికి చెప్పడం ఆయన నేర్చుకోలేదు.

"నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?"

"మోకాలి దాకా మేడమ్. అలా వచ్చాయి, ఇలా పోయాయి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గీతకేసి వంగి చూసింది. చాలాసేపే చూసింది. వేలితో తాకి, వేలు వాసన చూసింది. పైకి చూసి, "అటక ఖాళీగా ఉంది. సామానంతా నేల మీదే పెడతారా?" అంది.

"మాకు వరదంటే పెద్ద భయం లేదు మేడమ్."

"మంచిది. భయం లేనివాళ్లకి బీమా దేనికో మరి." కాగితం మీద ఏదో రాసుకుంది. "ఒకసారి బయట గోడ చూద్దాం."

బయటికి వచ్చి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి వరుసనంతా ఒక చూపు చూసింది. మాస్టారూ చూశాడు. చూసి నోరు తెరిచాడు.

మొదటి నాలుగిళ్ల మీద గీత ఛాతీ ఎత్తున బుద్ధిగా వస్తోంది. ఐదో ఇల్లు మాస్టారిది. అక్కడ మోకాలికి జారింది. ఆరో ఇల్లు గార్డుగారిది. అక్కడ ఎగిరి తలుపు పై చట్రం ఎక్కింది. ఏడో ఇంటికి వచ్చేసరికి రెండుగా చీలింది. ఒకటి మోకాలి దగ్గర, ఒకటి తలుపు మీద.

గార్డుగారు పాత యూనిఫాం కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, గడప మీద నిలబడి ఉన్నాడు.

"ఇది మీ ఇంటి నీళ్ల గుర్తేనా?" అని అడిగింది సర్వేయరు.

"అవును మేడమ్. తలుపు పూర్తిగా మునిగింది. రెండు రోజులు డాబా మీదే కూర్చున్నాం. చాలా నష్టపోయాం మేడమ్, రాసుకోండి."

"ఈ రెండిళ్ల మధ్య గోడ ఎవరు కట్టారో తెలుసా?"

"తెలీదు మేడమ్. ఎందుకు?"

"తొమ్మిదంగుళాల గోడ. ఇటు మోకాలి లోతు, అటు తలుపు లోతు, రెండు రోజులు ఆపింది. ఆ మేస్త్రీ బతికుంటే ఆనకట్టలకి పిలిపిద్దామని."

మాస్టారు నేల చూపులు చూశాడు. ఈలోగా ఏడో ఇంటి నుంచి ఇస్త్రీ పిన్ని తనంతట తనే వచ్చింది. వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేది ఆమే. అందరి మాటలూ ముందు ఆమె బల్ల మీదికే వచ్చి తరువాత మిగతా ఇళ్లకు పోతాయి.

"మా ఇల్లు కూడా చూడమ్మా. నీకు ఏ గీత కావాలంటే అది ఉంది."

"రెండెందుకు ఉన్నాయి పిన్నిగారూ?"

పిన్ని తడుముకోలేదు. "నీళ్లు ముందు ఇక్కడిదాకా వచ్చాయి. కాసేపు ఆలోచించుకున్నాయి. తరువాత అక్కడిదాకా వెళ్లాయి."

సర్వేయరు అదీ రాసుకుంది. తరువాత గార్డుగారి వైపు తిరిగి, "మీ గడపా, మాస్టారి గడపా ఒకే ఎత్తున ఉన్నాయి. నీళ్లు మాత్రం ఐదడుగులు తేడా. నేను ఆఫీసులో ఏం చెప్పాలి?" అంది.

గార్డుగారు అటూ ఇటూ చూశాడు. అబద్ధం మొదటి మెట్టు ఎక్కడం తేలిక. రెండో మెట్టు ఎక్కడుందో అప్పటికప్పుడు వెతుక్కోవాలి.

"నేల మేడమ్. మా ఇంటి కింద నేల కుంగింది. అందుకే మాకు లోతెక్కువ."

"నేల కుంగితే గడప కూడా దిగాలిగా?"

"దిగింది మేడమ్. తరువాత... నేనే ఎత్తించాను. ఇప్పటికీ కుంగుతూనే ఉంది. రాత్రిళ్లు టక్కు టక్కున చప్పుడు కూడా వస్తుంది."

పిన్ని గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆమె ఇల్లు గార్డుగారి ఇంటికి ఆనుకునే ఉంది. "మా ఇంట్లో కూడా వస్తుంది చప్పుడు! ఎలకలనుకున్నాను!" అని, ఇక ఆగలేదు. వీధి నడిమధ్యకు పరిగెత్తి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "నేల కుంగుతోందంట్రోయ్! ఇళ్లన్నీ దిగిపోతున్నాయంట! ఆఫీసు నుంచి ఆవిడొచ్చి చెప్పింది!" అని అరిచింది.

ఆవిడ ఏమీ చెప్పలేదు. కానీ చేతిలో గొట్టం ఉంది, మెడలో కళ్లజోడు ఉంది. వీధికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వీధి చివర దిబ్బ మీద బడి ఉంది. సెలవులు. వరదప్పుడు కూడా అందరూ అక్కడికే ఎక్కారు. దారి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మొదటింటి నుంచి ఒక మంచం బయటికి వచ్చింది. రెండో ఇంటి నుంచి గ్యాసుబండ. మూడో ఇంటి ముసలాయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు, ఆయన్ని కుర్చీతో సహా ఎత్తారు. ఆయన పేపరు చదవడం ఆపలేదు. పిన్ని బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒక చేత్తో, ఊరందరి బట్టల మూట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది.

"ఎవరిదమ్మా ఆ మూట?"

"అందరిదీ. నేను మునిగితే అందరూ పంచెలు లేకుండా మునుగుతారు, తప్పుకోండి!"

గార్డుగారు గడప మీద బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఆ మాట తనే కల్పించాడని ఆయనకు తెలుసు. కానీ అదే మాట ఆరిళ్లు తిరిగి, కేకలతో, ఏడుపులతో కలిసి తిరిగి వచ్చేసరికి ఆయనకే అనుమానం వేసింది. ఒకసారి కాలితో నేలను తట్టి చూసుకున్నాడు. తరువాత లోపలికి పోయి ఈల తెచ్చుకున్నాడు.

ఈల నోట పెట్టగానే ఆయన మళ్లీ గార్డు అయ్యాడు. "తోసుకోవద్దు! ముందు పెద్దవాళ్లు! తరువాత గ్యాసుబండలు! బీరువాలు చివర! ఒక్కో ఇల్లూ ఒక్కో పెట్టె, వరుస తప్పొద్దు!" ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క బండినీ టైముకు చేర్చలేదని ఆయన మీద ఒక మాట ఉండేది. ఆ రోజు ఆరిళ్లను దిబ్బ మీదికి వరుసలో చేర్చాడు.

మాస్టారి భార్య చిన్న ట్రంకుపెట్టెను ఒక చేత్తో, కుక్కరును ఒక చేత్తో పట్టుకుని గడప దాటింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "ఏ నేలా కుంగటంలేదు. గీత ఒక్కటే కుంగింది, అదీ మనింట్లో. నీకు తెలుసుగా."

"తెలుసండీ. కానీ అందరూ పోతుంటే మనం ఒక్కళ్లం కూర్చుంటే ఎందుకు కూర్చున్నారని అడుగుతారు. మీరేం చెబుతారు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

మాస్టారు తన మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు. నేల గట్టిగానే ఉంది. ఎదుట ముక్కాలిపీట మీద సర్వేయరు కూర్చుంది. ఆవిడ గొట్టం ఒక కొస మాస్టారి గడపకు, రెండో కొస గార్డుగారి గడపకు ఆనించి, నీళ్లు చూసుకుని, మళ్లీ చుట్టచుట్టి సంచిలో పెట్టేసింది. ఇప్పుడు చేతి గడియారం చూస్తోంది. వీధి నిశ్శబ్దమైపోయింది.

"మీరు వెళ్లరా మాస్టారూ?"

"ఏమీ కాదులెండి మేడమ్."

"మీకంత గట్టిగా ఎలా తెలుసు?"

ఆయన కత్తెర తీసుకున్నాడు, పెట్టేశాడు. టేపు చుట్టాడు, విప్పాడు. నిజం చెబితే ఈవిడ కాగితం చింపి లేచిపోతుంది. తిరిగి వచ్చేది వానలు వెళ్లాక. ఈలోగా ఏరు వస్తే మళ్లీ కాజాలు. చెప్పకపోతే దిబ్బ మీద ఆరు కుటుంబాలు, ఒక ముసలాయన, ఆరు బీరువాలు, తన మూలంగా ఎండలో.

"గీత నేనే కురచ చేశాను మేడమ్," అన్నాడు. "అసలుది యాభై అంగుళాలు. పద్దెనిమిదికి తెచ్చాను. నన్ను చూసి వాళ్లు పెంచారు. నేలకేం కాలేదు. వాళ్లని దిగి రమ్మని చెప్పండి. నా కాగితం చింపెయ్యండి."

సర్వేయరు గడియారం మీది నుంచి చూపు తియ్యలేదు. "తెలుసు."

"తెలుసా?"

"మీ గోడ మీద కింద మూలకి చూడండి."

మాస్టారు వంగి చూశాడు. గీత ముగిసిన చోట చిన్న చిన్న అక్షరాలతో, కుదురుగా, 'రంగులవాడు ఆర్ట్స్' అని ఉంది. పక్కన ఫోను నంబరు.

బోర్డులు రాసేవాడి చెయ్యి. పని ముగించాక మూలన పేరు రాయకుండా ఊరుకోదు.

"గార్డుగారి వరద కింద కూడా ఇదే నంబరుంది," అంది ఆవిడ. "పిన్నిగారి ఇంట్లో రెండు వరదల కిందా ఉంది. పని మాత్రం బాగుంది. ఆ నురుగు నేను ఎక్కడా చూడలేదు."

మాస్టారు తల పట్టుకున్నాడు. వాడి 'చిన్న పని' ఏమిటో ఇప్పుడు అర్థమైంది.

"చూడండి మాస్టారూ. ఏరు ఏ రోజు ఎంత ఎత్తు వచ్చిందో వంతెన దగ్గర రాసి ఉంటుంది. మీ ఏడిళ్లకీ యాభై అంగుళాలే. ఆఫీసులో కాగితం ఉంది. దాన్నిబట్టే ప్రీమియం, అందరికీ ఒకటే. మీ గోడ గీతతో నాకేం పని లేదు. ఉన్న ఆయిలు పెయింటంతా వృథా చేశారు."

"మరి మీరు వచ్చింది దేనికి?"

ఆవిడ ఫారం తిప్పి చూపించింది. పన్నెండో గడి. 'హెచ్చరిక అందిన తరువాత సామాను ఎత్తైన చోటికి చేర్చుటకు పట్టు సమయం.' ఎదురుగా ఖాళీ.

"పదేళ్లుగా ఈ గడి నింపుతున్నాను. ఏ ఇంట్లో అడిగినా పది నిమిషాలంటారు. ఒక్కళ్లూ నిజం చెప్పరు. ఇవాళ మొదటిసారి కళ్లారా చూశాను. అందుకే ఆపలేదు." గడియారం చూసింది. దిబ్బ మీది నుంచి పొడుగాటి ఈల వినిపించింది. చివరి బీరువా చేరినట్టుంది. "నలభై ఎనిమిది నిమిషాలు. ఆరిళ్లు. నేను చూసిన వీధుల్లో ఇంత త్వరగా ఎవరూ కదల్లేదు. ఆ ఆరిళ్లూ అడిగితే ఇవాళే సంతకం పెట్టేస్తాను."

"మరి నాది?"

"మీరు కదల్లేదుగా."

మాస్టారు ఖాళీ వీధికేసి చూశాడు. వీధి మొత్తంలో నిజాన్ని నమ్ముకున్నవాడు ఆయన ఒక్కడే. అందుకే వీధి మొత్తంలో కూర్చున్నవాడు ఆయన ఒక్కడే. అడిగింది ఆయన. ఫారం తెప్పించింది ఆయన. ఆరు సంతకాలు మిగతావాళ్లకు.

"ఐదింటికి నా బస్సు," అంది సర్వేయరు. "ఇప్పుడు ఒంటిగంటన్నర. గడియారం మొదలుపెట్టమంటారా?"

మాస్టారు లేచాడు. నిద్ర లేచినప్పటి నుంచి చేసినవాటిలో బుద్ధిగల పని అదొక్కటే.

భార్య దిబ్బ మీది నుంచి దిగి వచ్చింది. బావమరిదిని వెతకనక్కర్లేకపోయింది. వాడు బడి వరండాలో అందరికంటే ముందే చేరి, డికాక్షను గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క చెవి పట్టుకుని తెచ్చింది.

"సాక్ష్యం మాయం చేద్దామని తీసుకెళ్లాను బావా," అన్నాడు వాడు.

"ఫోను నంబరు గోడ మీద పెట్టి గిన్నె మాయం చేశావా? పట్టు, ఆ పెద్ద మిషను పట్టు."

గార్డుగారు దిబ్బ మీది నుంచి చూసి, సంగతి తెలుసుకుని, తన గీత సంగతి ఎవరూ ఎత్తకముందే సాయానికి పరిగెత్తుకొచ్చాడు. సర్వేయరు చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరి సామాను వాళ్లే. వరద రోజున పక్కింటివాళ్ల చేతులు ఖాళీగా ఉండవు." ఆయన వెనక్కి వెళ్లి, ఊరికే ఉండలేక, ఈల ఊదాడు.

ఐదు మిషన్లు. ఒక కత్తిరింపు బల్ల, అది తలుపులో అడ్డం పడితే బావమరిది అటు, మాస్టారు ఇటు చిక్కుకుపోయి, ఒకళ్లనొకళ్లు పది నిమిషాలు తిట్టుకున్నారు. పదిహేడు తానులు. రెండు వందల యూనిఫాంలు. దిబ్బ మీద వీధి అంతా తమ తమ మంచాల మీద, కుర్చీల మీద, బీరువాల మీద హాయిగా కూర్చుని చూస్తోంది. నేలకేమీ కాలేదని, బీమా వస్తోందని వాళ్లకు అప్పటికి తెలిసిపోయింది. ఎవరూ ఇంటికి దిగే తొందరలో లేరు. పిన్ని టీ కాచి అందరికీ పోసింది.

"మాస్టారూ, ఆ తాను కాస్త కురచ చేసుకుని మోయండి!" అని ఎవరో అరిచారు.

"మాస్టారికి నురుగొస్తోందమ్మా!" అంది పిన్ని.

మూడో ఇంటి ముసలాయన ఆ రోజు మొదటిసారి పేపరు దించి చూశాడు.

మూడు నలభైకి చివరి యూనిఫాం మూట వరండాలో పడింది. దాని మీద మాస్టారు పడ్డాడు. భార్య విసనకర్రలా ఫైలు ఊపింది. సర్వేయరు గడియారం చూసి, ఫారంలో పన్నెండో గడిలో నూట ముప్పై నిమిషాలని రాసి, సంతకం పెట్టింది. ఆ సంతకం చూసి మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. చెమటే అన్నాడు.

పన్నెండు రోజులకు ఏడు కవర్లు వచ్చాయి. మాస్టారు చేతులు కడుక్కుని, తుడుచుకుని తనది విప్పాడు. ఇల్లు ఉంది, ఐదు మిషన్లూ వాటి నంబర్లతో సహా ఉన్నాయి. వానలకు ఇంకా వారం ఉంది. భార్య పక్కన కూర్చుని చివరి పేజీ దాకా చదివింది. కింద ఎర్ర సిరాతో, సర్వేయరు చేతిరాతలో, ఒక వాక్యం ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

'వరద హెచ్చరిక వచ్చినప్పుడు ఈ ఇంటివారికి మిగతా వీధికంటే గంటన్నర ముందుగా చెప్పవలెను.'